సెమీకండక్టర్ కంపెనీ ఇంటర్వ్యూకి ఆరు వారాల్లో ఎలా సిద్ధం కావాలి

"అన్నా, వచ్చే నెల వీఎల్‌ఎస్‌ఐ ఇంటర్వ్యూ ఉంది, ఏం చదవాలి?"

వీఎల్‌ఎస్‌ఐ అంటే చిప్ డిజైన్ రంగం. విశాఖలో మధురవాడ, మద్దిలపాలెం, గాజువాక, అటు శ్రీకాకుళం నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఈసీఈ, ట్రిపుల్‌ఈ చివరి సంవత్సరం వాళ్లకీ, పాసై ఏడాది రెండేళ్లయినా ఇంకా ప్రయత్నిస్తున్నవాళ్లకీ ఇది పనికొస్తుంది.

నేను మాక్ ఇంటర్వ్యూలు చేసినవాళ్లలో సెటప్ టైమ్ (క్లాక్ అంచు రాకముందే డేటా ఎంతసేపు స్థిరంగా ఉండాలి అన్నది) అంటే ఏమిటో చెప్పలేనివాళ్లు దాదాపు లేరు. పెన్సిల్ చేతికిచ్చి, రెండు ఫ్లాపులు (ఒక్కో బిట్‌ని దాచుకునే ఫ్లిప్-ఫ్లాపులు) గీసి లెక్క వేయమంటే మాత్రం సగంమంది ఆగిపోయారు. అందుకే కింద దాదాపు ప్రతి మెట్టులోనూ కాగితం కనిపిస్తుంది. ఆ పని దాటేసి వీడియోలు మాత్రమే చూస్తే ఆరు వారాలూ వృథా.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ఏదైనా ల్యాప్‌టాప్. ఉబుంటు వేసుకుంటే మంచిది, ఎలాగూ ఉద్యోగంలో లినక్స్ మీదే కూర్చోవాలి.
- ఐకారస్ వెరిలాగ్ (సర్క్యూట్‌ని కోడ్‌గా రాసే వెరిలాగ్ భాషని నడిపే సిమ్యులేటర్), జీటీకేవేవ్ (సిగ్నళ్లని అలలుగా చూపించేది). రెండూ ఉచితం. ల్యాప్‌టాప్ లేకపోతే బ్రౌజర్‌లో నడిచే ఈడీఏ ప్లేగ్రౌండ్ చాలు.
- మీ రెండో సంవత్సరం డిజిటల్ ఎలక్ట్రానిక్స్ టెక్స్ట్‌బుక్. కొత్తది కొనక్కర్లేదు.
- ఒక ఏ4 కాగితాల కట్ట, పెన్సిల్.
- ఒక తోడు. క్లాస్‌మేట్ అయినా, అక్క అయినా సరే, ఎదురుగా కూర్చుని వినే మనిషి ఒకరుండాలి.
- రోజుకి 3 గంటలు. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లోని విశాఖ పబ్లిక్ లైబ్రరీలో కూర్చోండి.

వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరడం తప్పనిసరి కాదు. చేరితే చేరండి గానీ ఫీజు కట్టే ముందు 8వ మెట్టు చదవండి.

1. ముందు ఏ పనికో తేల్చుకోండి

"వీఎల్‌ఎస్‌ఐ జాబ్" అనేది ఒక ఉద్యోగం పేరు కాదు. ప్రకటనలో పని పేరు ఏముందో చూసి, దాన్నిబట్టి చదవండి.

ఆర్‌టీఎల్ డిజైన్ (సర్క్యూట్‌ని కోడ్‌గా రాయడం) అయితే వెరిలాగ్, స్టేట్ మెషీన్లు, క్లాక్ డొమైన్ క్రాసింగ్. వెరిఫికేషన్ (ఆ కోడ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం) అయితే సిస్టమ్ వెరిలాగ్, కన్‌స్ట్రెయింట్లు, కవరేజ్, అసర్షన్లు. ఫిజికల్ డిజైన్ (చిప్ మీద ఏది ఎక్కడో అమర్చడం) అయితే ఫ్లోర్‌ప్లాన్ నుంచి రూటింగ్ దాకా ఉన్న వరుస, దానికి మించి టైమింగ్. డీఎఫ్‌టీ (తయారైన చిప్‌ని పరీక్షించడానికి ముందే చేసే ఏర్పాట్లు) అయితే స్కాన్ చైన్, స్టక్-యాట్ ఫాల్ట్. అనలాగ్ లేఅవుట్ అయితే మ్యాచింగ్, లాచ్-అప్, యాంటెన్నా ఎఫెక్ట్.

ఇవన్నీ డిజైన్ ఉద్యోగాలు. మనవాళ్లకి ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరులలో ఉంటాయి. క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, మైక్రాన్ లాంటివి హైదరాబాద్‌లో ఉన్నాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయితే 1985 నుంచీ బెంగళూరులో ఉంది. ఇక ఫ్యాక్టరీ ఉద్యోగాలు వేరు. గుజరాత్‌లో సానంద్, ధొలేరా, అస్సాంలో జాగీరోడ్ ప్రాజెక్టుల పేర్లు వినే ఉంటారు. 2025 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌కి కూడా ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ను కేంద్రం ఆమోదించింది. ఇలాంటి చోట్ల వెరిలాగ్ అడగరు. లితోగ్రఫీ, ఎచింగ్, డిపాజిషన్, వైర్ బాండింగ్, ఈల్డ్, క్లీన్‌రూమ్ క్రమశిక్షణ అడుగుతారు. మెకానికల్, కెమికల్, ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు ఇటు చూడాలి. "నాది ఈసీఈ కాదు కదా" అని వదిలేయొద్దు.

ఫ్రెషర్‌కి పని పేరు చెప్పకుండా పిలిచారా? అయితే 3, 4, 5 మెట్లు ముందు చదవండి. ఏ డిజైన్ పనికైనా అవే పునాది.

2. రెజ్యూమేలో రాసిన ప్రతి లైనునీ మూడు ప్రశ్నల దాకా లాగండి

ఒక పేజీ చాలు. ఫోటో, తండ్రి పేరు, హాబీలు, డిక్లరేషన్ తీసేయండి.

ఇప్పుడు ప్రతి లైను పక్కన పెన్సిల్‌తో మూడు ప్రశ్నలు రాయండి: ఏం చేశావు, ఎందుకు అలాగే చేశావు, మార్చితే ఏమవుతుంది. ఉదాహరణకి "యూఏఆర్‌టీ డిజైన్ చేశాను" అని ఉందనుకోండి (డేటాని ఒక్కో బిట్‌గా పంపి అందుకునే సర్క్యూట్ అది). బిట్‌ని 16 సార్లు ఎందుకు శాంపిల్ చేస్తారు? మధ్యలోనే ఎందుకు చూస్తారు? రెండు వైపులా బాడ్ రేట్ (బిట్లు పంపే వేగం) కొంచెం తేడా ఉంటే ఏ బిట్ దగ్గర తప్పుతుంది? మూడో ప్రశ్నకి జవాబు రాకపోతే రెండే దారులు: ఆ రాత్రే నేర్చుకోవడం, లేదా ఆ లైను కొట్టేయడం.

ఈ సంగతి నాకు నా ఇంటర్వ్యూలోనే తెలిసింది. మా బ్యాచ్‌లో అందరి రెజ్యూమేల్లోనూ ఒకే వాక్యం ఉండేది, "యూవీఎమ్‌లో అనుభవం ఉంది" అని. యూవీఎమ్ అంటే వెరిఫికేషన్‌కి వాడే ఒక పద్ధతి. నేనూ పెట్టుకున్నాను. అందులోని సీక్వెన్సర్‌కీ డ్రైవర్‌కీ మధ్య మాట ఎలా నడుస్తుందో గీయమన్నారు. గీయలేకపోయాను. ఆ తర్వాత నాకు బాగా తెలిసిన ప్రశ్నలు అడిగినా గొంతు లేవలేదు. ఆ ఒక్క లైను లేకపోయుంటే ఆ గంట వేరేలా సాగేది.

ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లకి ఒక మాట. ఆ ప్రాజెక్టుని రెజ్యూమేలో పెట్టకండి. వారంలో మీరే ఒక చిన్న ఫిఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటికి వెళ్లే క్యూ) రాసుకుని దాన్ని పెట్టండి. చిన్నదైనా మీదైతే మూడు ప్రశ్నలకీ జవాబుంటుంది.

3. సెటప్, హోల్డ్: కాగితం మీద

హోల్డ్ అంటే క్లాక్ అంచు వచ్చాక కూడా డేటా ఎంతసేపు మారకుండా ఉండాలి అన్నది. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. రెండు వారాలు పట్టినా పరవాలేదు. డిజైన్ అయినా, ఫిజికల్ డిజైన్ అయినా, డీఎఫ్‌టీ అయినా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది.

గాజువాక నుంచి ఒక తమ్ముడు మాక్‌కి వచ్చేవాడు. నిర్వచనాలు గడగడా చెప్పాడు. గీయమంటే రెండు డబ్బాలు గీశాడు, మధ్యలో లాజిక్ మబ్బు గీశాడు, డేటా తీగలు కలిపాడు. క్లాక్ గీయలేదు. "క్యాప్చర్ ఫ్లాప్‌కి (డేటా అందుకునే రెండో దానికి) క్లాక్ ఆలస్యంగా వస్తే?" అని అడిగితే చూపించడానికి కాగితం మీద క్లాక్ తీగే లేదు. అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను: ముందు క్లాక్ గీయండి, ఆ తర్వాతే ఫ్లాపులు.

ఈ లెక్క మీరే చేయండి.

మొదటి ఫ్లాప్ క్లాక్ నుంచి అవుట్‌పుట్‌కి 0.3 నానోసెకన్లు. మధ్య లాజిక్‌లో పొడవైన దారి 1.5, పొట్టి దారి 0.1. రెండో ఫ్లాప్ సెటప్ 0.2, హోల్డ్ 0.15.

సెటప్‌కి పొడవైన దారి తీసుకోవాలి: 0.3 + 1.5 + 0.2 = 2.0 నానోసెకన్లు. అంటే గరిష్ఠంగా 500 మెగాహెర్ట్జ్.

హోల్డ్‌కి పొట్టి దారి: 0.3 + 0.1 = 0.4. కావలసింది 0.15. సరిపోయింది, 0.25 మిగిలింది.

ఇప్పుడు రెండో ఫ్లాప్‌కి క్లాక్ 0.3 ఆలస్యంగా వస్తోందనుకోండి. సెటప్‌కి ఇది మేలు: 1.7 నానోసెకన్లు చాలు. హోల్డ్‌కి దెబ్బ: కావలసింది 0.45, ఉన్నది 0.4. అంటే 0.05 తక్కువ పడింది. పొట్టి దారిలో బఫర్ పెట్టి ఆ ఆలస్యం తేవాలి, అయితే పొడవైన దారిని ముట్టుకోకుండా.

ఇంతవరకూ వచ్చాక అడిగే ప్రశ్న ఇది: "చిప్ తయారై చేతికొచ్చింది. ఇప్పుడు తప్పు బయటపడింది. ఏం చేస్తావు?" సెటప్ తప్పయితే క్లాక్ వేగం తగ్గించి నడపొచ్చు. హోల్డ్ లెక్కలో క్లాక్ పీరియడ్ లేనే లేదు, కాబట్టి వేగం ఎంత తగ్గించినా లాభం లేదు. ఈ ముక్క బట్టీ పట్టకండి. పైన లెక్కలో పీరియడ్ ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో వేలు పెట్టి చూపించండి.

*తరచూ చేసే తప్పులు:* రెండింటికీ పొడవైన దారే వాడటం. హోల్డ్‌కి మొదటి ఫ్లాప్ ఆలస్యాన్ని మరిచిపోవడం. స్క్యూ (రెండు ఫ్లాపులకి క్లాక్ చేరే సమయాల తేడా) గుర్తు తిరగబడటం. మూడోది రాకుండా ఉండాలంటే సూత్రం కంఠతా పట్టడం మానేసి రెండు క్లాక్ అలలు ఒకదాని కింద ఒకటి గీసి చూడండి.

*సరిచూసుకోవడం ఎలా:* పై అంకెలు మార్చి ఐదు లెక్కలు మీరే తయారు చేసుకోండి. స్క్యూ ఒకసారి అటు, ఒకసారి ఇటు పెట్టండి. ఐదూ తప్పు లేకుండా 20 నిమిషాల్లో వస్తే ముందుకు వెళ్లండి.

4. వెరిలాగ్‌ని కావాలని చెడగొట్టి చూడండి

సరైన కోడ్ అందరి దగ్గరా ఉంటుంది. తప్పు కోడ్ నడిస్తే వేవ్‌ఫామ్‌లో ఏం కనిపిస్తుందో చూసినవాళ్లు తక్కువ. ఈ రెండూ ఇవాళే చేయండి.

మొదటిది: మూడు ఫ్లాపుల షిఫ్ట్ రిజిస్టర్‌ని నాన్‌బ్లాకింగ్‌తో (<=, లైన్లన్నీ ఒకేసారి మారతాయి) రాసి నడపండి. ఇన్‌పుట్‌లో పెట్టిన 1, మూడో క్లాక్‌కి చివరి ఫ్లాప్‌లోకి చేరుతుంది. ఇప్పుడు అదే బ్లాక్‌లో మూడు లైన్లనీ బ్లాకింగ్‌కి (=, ఒకదాని తర్వాత ఒకటి మారతాయి) మార్చండి. అదే 1 ఒక్క క్లాక్‌లోనే చివరికి వచ్చేస్తుంది, మూడు ఫ్లాపులూ ఒక్కటైపోతాయి. ఆ తర్వాత బ్లాకింగ్‌తోనే ఉంచి లైన్ల వరుస తిప్పండి, చివరి ఫ్లాప్ ముందు, మొదటిది చివర. మళ్లీ సరిగ్గా వచ్చినట్టు కనిపిస్తుంది! "వచ్చింది కదా, ఇలాగే రాస్తే తప్పేంటి?" అని అడుగుతారు. ఆ మూడు లైన్లూ మూడు వేరు వేరు బ్లాకుల్లో ఉంటే ఏది ముందు నడుస్తుందో సిమ్యులేటర్ ఇష్టం. జవాబు అదే.

రెండోది: కాంబినేషనల్ బ్లాక్‌లో ఎల్స్ వదిలేసి రాయండి. అవుట్‌పుట్ పాత విలువనే పట్టుకుని కూర్చుంటుంది. అదే లాచ్. కేస్‌లో డిఫాల్ట్ మరిచిపోయినా ఇదే తలనొప్పి.

ఇవి అయ్యాక 1011 సీక్వెన్స్ డిటెక్టర్, 3తో క్లాక్ భాగించడం చేయండి. భాగించాక 50 శాతం డ్యూటీ (క్లాక్ సగంసేపు 1, సగంసేపు 0) కావాలంటారు, అప్పుడు క్లాక్ పడే అంచుని కూడా వాడుకోవాలి. 2:1 మక్స్‌లతో (రెండు ఇన్‌పుట్‌లలో ఒకటి ఎంచుకునేవి) ఎక్స్‌ఓఆర్ చేయమంటే ఎన్ని మక్స్‌లు పడతాయో చూసుకోండి. రెండు చాలు, అందులో ఒకటి ఇన్వర్టర్ పని చేస్తుంది. సాధనకి హెచ్‌డీఎల్‌బిట్స్ అనే ఉచిత సైట్ ఉంది. రోజుకి ఐదు లెక్కలు చాలు.

*హెచ్చరిక:* ఏఐని అడిగి కోడ్ తెచ్చుకుంటే ఈ మెట్టు దాటినట్టు కాదు. ఇంటర్వ్యూలో మీ ముందు తెల్ల కాగితమే ఉంటుంది. ముందు కాగితం మీద రాయండి, తర్వాత టైప్ చేయండి, ఎన్ని తప్పులొచ్చాయో అంచున రాసుకోండి. ఆ అంకె వారం వారం తగ్గాలి.

5. రెండు క్లాకుల మధ్య డేటా

మెటాస్టెబిలిటీ (ఫ్లాప్ 0కీ 1కీ మధ్య ఊగిసలాడటం), దాన్ని సర్దే రెండు ఫ్లాపుల సింక్రొనైజర్, గ్రే కోడ్ (ఒకసారికి ఒక్క బిట్ మాత్రమే మారే అంకెల వరుస), ఎసింక్రోనస్ ఫిఫో (రాసే క్లాక్, చదివే క్లాక్ వేరు వేరుగా ఉన్నది). ఈ నాలుగూ ఒకే కథలో భాగాలు, విడివిడిగా చదవకండి.

లెక్క ఒకటి. రాసే వైపు 80 మెగాహెర్ట్జ్, చదివే వైపు 50. ఒక్క విడతలో 120 డేటా వర్డులు వస్తాయి. రాయడానికి పట్టేది 120 ÷ 80 = 1.5 మైక్రోసెకన్లు. ఆ సమయంలో చదివేసేవి 1.5 × 50 = 75. మిగిలేవి 45. కనీస లోతు 45.

అంకె చెప్పి ఆగిపోతే సగం జవాబే. లెక్క మొదలుపెట్టే ముందే "ప్రతి క్లాక్‌కీ రాస్తారా, మధ్యలో ఖాళీలుంటాయా? రెండు విడతల మధ్య ఎంత సమయం ఉంటుంది?" అని అడగండి. అడిగితే తెలియదనుకుంటారేమోనని మనవాళ్లు మొహమాటపడతారు. ఇంజినీరు పనిలో ఆ ప్రశ్నలు అడగనివాళ్లతోనే ఇబ్బంది. లెక్క అయ్యాక, సింక్రొనైజర్ ఆలస్యానికి కొంచెం ఎక్కువ కావాలనీ, గ్రే కోడ్ పాయింటర్ల కోసం సాధారణంగా తర్వాతి 2 ఘాతమైన 64కి తీసుకెళ్తారనీ చెప్పండి.

ఒక మల్టీబిట్ బస్‌ని (చాలా బిట్లు కలిసి వెళ్లే తీగల కట్టని) ఒక్కో బిట్‌కీ ఒక్కో సింక్రొనైజర్ పెట్టి అటు పంపేయడం చాలామంది చేసే తప్పు. బిట్లు ఒకే క్లాక్‌లో చేరవు, అవతల ఎప్పుడూ పంపని విలువ కనిపిస్తుంది.

6. మిగతావి, త్వరగా

సీమాస్ ఇన్వర్టర్ (1ని 0గా, 0ని 1గా మార్చే ట్రాన్సిస్టర్ సర్క్యూట్) గీయడం, అందులో పీమాస్ ట్రాన్సిస్టర్‌ని ఎందుకు వెడల్పు చేస్తారో చెప్పడం రావాలి. హోల్స్ ఎలక్ట్రాన్ల కన్నా నెమ్మదిగా కదులుతాయి కాబట్టి. సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు. ఒక సంఖ్యలో ఎన్ని 1లు ఉన్నాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్. లినక్స్‌లో గ్రెప్, సెడ్ లాంటి కమాండ్లు. పైథాన్‌లో ఒక లాగ్ ఫైల్ తెరిచి ఎర్రర్ లైన్లు ఏరడం. రాతపరీక్ష ఉంటే యాప్టిట్యూడ్‌కి వారం చాలు. అక్కడ టైమ్ పెట్టుకుని చేయడమే సాధన.

7. గట్టిగా చెప్పడం

నాలుగో వారం నుంచి రోజూ అరగంట. ముందు తెలుగులో చెప్పండి. మీ తోడుకి ఎలక్ట్రానిక్స్ రాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ అడ్డుపడుతున్నారో మొహం చూస్తే తెలుస్తుంది. తెలుగులో సాఫీగా వచ్చాక అదే విషయం ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పెద్ద పెద్ద వాక్యాలు వద్దు. చిన్న వాక్యం, వెంటనే కాగితం మీద గీత, మళ్లీ చిన్న వాక్యం.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడుతూ మెసేజ్ పెట్టేవాళ్లే ఎక్కువ. అవతల కూర్చున్నది ఇంజినీరు. మీ యాస ఆయనకి అడ్డం కాదు. అడ్డం వచ్చేది నిశ్శబ్దం. జవాబు తెలియకపోయినా ఎక్కడిదాకా తెలుసో చెబుతూ వెళ్తే ఆయనే ఒక చిన్న క్లూ ఇస్తారు. మౌనంగా కూర్చుంటే ఇవ్వడానికి వీలుండదు. అస్సలు తెలియని విషయమైతే "ఇది నేను చదవలేదు సార్" అనేసి ముందుకు వెళ్లండి. అల్లి చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఆరో వారంలో కనీసం మూడు మాక్‌లు పెట్టుకోండి, ఒక్కోటి గంట. కాలేజీ సీనియర్లలో ఈ రంగంలో ఉన్నవాళ్లని అడగండి. ఆంధ్రా యూనివర్సిటీ, గీతం, గాయత్రీ విద్యాపరిషత్ అన్నిటి నుంచీ హైదరాబాద్, బెంగళూరులలో మనవాళ్లు ఉన్నారు. అడిగేటప్పుడు "రెఫర్ చేయండి అన్నా" అని మొదలుపెట్టొద్దు. "ఒక గంట మాక్ చేస్తారా" అని అడగండి. మాక్ బాగా చేస్తే రెఫరల్ మాట వాళ్లే ఎత్తుతారు.

8. ఆ రోజు, ఆ తర్వాత

*ఆన్‌లైన్ అయితే:* వైఫై రూటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి కొనండి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచండి. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి కూర్చోలేం, అలాగని ఫ్యాన్ కిందే కూర్చుంటే మైక్‌లో హోరు తప్ప ఏమీ వినపడదు. ఫ్యాన్‌కి కాస్త పక్కగా కూర్చుని వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ముందురోజు ఒక స్నేహితుడికి కాల్ చేసి వినిపించి చూడండి. కాగితం మీద గీసి కెమెరాకి చూపించేటప్పుడు పెన్సిల్ గీత కనిపించదు, నల్ల స్కెచ్‌పెన్ దగ్గర పెట్టుకోండి.

*హైదరాబాద్ వెళ్లాలంటే:* ఇంటర్వ్యూ రోజు పొద్దున దిగే రాత్రి బండి నమ్ముకోవద్దు. ముందురోజే చేరండి. మీ బండి ఆగేది సికింద్రాబాద్‌లోనా, చర్లపల్లిలోనా, లింగంపల్లిలోనా టికెట్ మీద చూసుకోండి. అక్కడినుంచి ఆఫీసు దూరం చాలా మారిపోతుంది. ఆఫీసు రాయదుర్గం వైపైతే సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి మెట్రో నేరుగా ఉంది. అక్టోబర్, నవంబర్ నెలలైతే తుపాను సంగతి చూసుకుని బయలుదేరండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే కదా. బళ్లు రద్దయితే ఆ నోటీసు స్క్రీన్‌షాట్‌తో వెంటనే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి వేరే తేదీ అడగండి. ఇందులో తప్పేమీ లేదు.

*డబ్బు అడిగితే:* ఆగిపోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, "బ్యాక్‌డోర్" ఏ పేరుతో అడిగినా అది ఉద్యోగం కాదు. ఆఫర్ మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి గానీ ఇచ్చి రాకండి. ట్రైనింగ్ సంస్థలు "100 శాతం ప్లేస్‌మెంట్" అంటే, కిందటి బ్యాచ్‌లో చేరిన ఇద్దరి నంబర్లు అడిగి మాట్లాడి అప్పుడు ఫీజు కట్టండి. నంబర్లు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టమని సలహా ఇచ్చినా అంతే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే ఇంట్లో కూర్చుని చదవండి.

*బయటికి రాగానే:* ఎంపికైనా కాకపోయినా, అడిగిన ప్రశ్నలన్నీ వరుసగా రాసేయండి. గేటు బయట టీ కొట్టు దగ్గరే రాయండి, రైలెక్కేదాకా ఆగితే సగం మరిచిపోతారు. జవాబు రాని వాటికి చుక్క పెట్టుకోండి. మర్నాడు పొద్దున మొదట కూర్చోవాల్సింది ఆ చుక్కల దగ్గరే.